ఆపరేషన్ ఫారంలో కులం అడిగితే చెప్పాలా?

ప్రశ్న (మిర్యాలగూడ):
ఆపరేషన్ ముందు ఫారంలో కులం అడుగుతున్రు. కోమట్లకు మత్తు పడదంటరు. పేరు చివర గుప్తా ఉంటే ఏఐ సాఫ్ట్‌వేరే ఎర్రగుర్తు పెడుతదట. ఇది వైద్యమా, వివక్షా? చెప్పకపోతే ఏమైతది?

జవాబు 1 (మత్తు డాక్టర్, మహబూబ్‌నగర్):
మత్తు మొత్తం పడదన్నది తప్పు. పేచీ ముఖ్యంగా సక్సినైల్‌కోలిన్‌తో. గొంతులో గొట్టం వేసే ముందు కండరాలు వదులవడానికి ఇస్తారు. రక్తంలోని సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొడుతుంది కాబట్టి 5-10 నిమిషాల్లో ప్రభావం దిగిపోతుంది. ఆర్యవైశ్యుల్లో ఎల్307పి అనే జన్యుమార్పు ఎక్కువగా కనిపిస్తుంది. అది తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తే ఆ ఎంజైమ్ దాదాపు పనిచేయదు. గంటల తరబడి సొంతంగా ఊపిరి అందదు.

అప్పుడు చేయాల్సింది ఒక్కటే: వెంటిలేటర్ మీద ఉంచి, బలం తిరిగొచ్చేదాకా నిద్రమందు కొనసాగించడం. నిద్రమందు ఆపేస్తే మనిషికి అన్నీ తెలుస్తుంటాయి, వేలు కూడా కదపలేడు. అంతకన్నా ఘోరం లేదు. తొందరపడి నియోస్టిగ్మిన్ (కొన్ని కండరాల మందుల ప్రభావాన్ని తిప్పికొట్టే మందు) ఇవ్వకూడదు, ఉన్న కాస్త ఎంజైమ్‌నూ అది అణిచేస్తుంది.

కులం చెప్పకపోయినా ఈ రెండూ మాత్రం దాచొద్దు: ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యంగా వచ్చిందా, ఈమధ్య పురుగుమందు కొట్టారా. తర్వాత రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్ష.

జవాబు 2 (ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ పని, నల్లగొండ):
ఆ పురుగుమందు మాటే అసలైంది. పత్తి చేలో మోనోక్రోటోఫాస్ లాంటివి కొట్టే రైతుకు ఇదే ఎంజైమ్ పడిపోవచ్చు. పేరు చూసి లెక్కకట్టే ఏఐ అతనికి పచ్చగుర్తు పెడుతుంది. ఎర్రగుర్తు కన్నా ఆ పచ్చగుర్తుతోనే ప్రమాదం, డాక్టర్ నిశ్చింతగా ఉంటాడు కదా. పైగా పేరులో గుప్తా లేని వైశ్యులు మన దగ్గర బోలెడు. ఉత్తరాది గుప్తాలేమో వేరే సమాజం. గర్భిణులకూ, కాలేయ జబ్బున్నవాళ్లకూ ఎంజైమ్ తగ్గుతుంది, అదీ పేరులో దొరకదు. ఏఐ మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా మనిషి పర్యవేక్షణ ఉండాలనే అంటాయి.

జవాబు 3 (వనపర్తి):
ఒకరి ఫలితం ఇంటిల్లిపాదిదీ. ఒకరికి రెండు వైపులా వచ్చిందంటే తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మామూలు బతుకులో ఇది జబ్బే కాదు. అయినా బయటికి పొక్కితే పెళ్లి సంబంధాల దగ్గర అడ్డు పడతారు. అందుకే చికిత్సకు ఒక సంతకం, ఏఐకి నేర్పడానికి డేటా వాడుకుంటామంటే వేరే సంతకం అడగండి. రెండోది పెట్టకపోయినా ఆపరేషన్ ఆగకూడదు. చీటీ మీద కులం రాయించుకోవద్దు, "సక్సినైల్‌కోలిన్, మివాక్యూరియం ఇవ్వరాదు" అని రాయిస్తే చాలు. మివాక్యూరియం కూడా అదే ఎంజైమ్ విరగ్గొట్టే కండరాల మందే.

ప్రశ్న అడిగినవారు:
అర్ధరాత్రి సిజేరియన్ అయితే పరీక్షకు టైమేదన్నా?

జవాబు 1:
ఆగక్కర్లేదు. వీలుంటే నడుముకు ఇంజెక్షన్. పూర్తి మత్తే కావాలంటే సక్సినైల్‌కోలిన్ బదులు, ఈ ఎంజైమ్‌తో పనిలేని రోక్యురోనియం ఇస్తారు, దాన్ని విరిచే సుగమ్మాడెక్స్ థియేటర్‌లో ఉందో లేదో ముందే చూసుకుంటారు.