మిక్సింగ్ పెట్టంగనే ప్రాసెసర్ 100 డిగ్రీలు కొడుతుంది, లిక్విడ్ కూలర్ పెట్టాల్నా?

మిక్సింగ్_వరంగల్
అన్నలూ, పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే సిస్టం. ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్, బీ660 మదర్‌బోర్డు, కూలర్ ప్రాసెసర్ డబ్బాల వచ్చిందే. షాపు ఎనుమాముల మార్కెట్ రోడ్డు మీద, ఏసీ లేదు, మధ్యాహ్నం లోపల 40 ఉంటది. ఎక్స్‌పోర్ట్ పెట్టిన ఐదారు సెకన్లకే 100 చూపెడుతుంది, 4 గిగాహెర్ట్జ్ ఉన్న స్పీడు 2.8కి పడుతుంది. ఏం పని లేకున్నా 60. పోయిన వారం కూలర్ విప్పి దుమ్ము దులిపిచ్చిన, అప్పట్నుంచే ఎక్కువైంది. పంపుతోని నీళ్లు తిప్పి ప్రాసెసర్‌ను చల్లబరిచే లిక్విడ్ కూలర్ ఎయ్యమంటున్నరు.

స్క్రూడ్రైవర్
కొనుడు ఆపు తమ్మీ. 100కు ఎంత సేపట్ల పోయిందనేదే అసలు సంగతి. పది పదిహేను నిమిషాలకు మెల్లగ ఎక్కితే గాలి ఆడుతలేదని అర్థం. ఐదు సెకన్లకే ఎగిరిందంటే వేడి సింక్‌ల (ఫ్యాను కింద ఉండే లోహపు రెక్కల దిమ్మె) దాకా పోతనే లేదు, సింక్ ప్రాసెసర్‌కు సరిగ ఆనలేదు.

ఆ కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ పిన్నులు ఉంటయి. పైనుంచి చూస్తే నాలుగూ కూసున్నట్టే కనపడతయి, అక్కడే మోసపోతరు. బోర్డు బయటికి తీసి ఎనుక చూడు: ప్రతి రంధ్రంల తెల్ల కాళ్లు రెండు విచ్చుకొని, వాటి నడుమ నల్ల పుల్ల బయటికి రావాలె. ఒక్కటి రాకున్నా ఆ మూల సింక్ లేస్తది. విప్పాలంటే పిన్ను తలకాయ ఎడమకు తిప్పి పైకి గుంజాలె. మళ్ల పెట్టే ముందు కుడికి తిప్పి మొదటి తీరుకు తేవాలె. ఇది మర్చిపోతే ఎంత నొక్కినా పట్టదు. నొక్కేటప్పుడు ఎదురెదురు మూలలు, టక్కుమనే దాకా.

సింక్ ఒక్కసారి లేసిందంటే ప్రాసెసర్‌కు సింక్‌కు నడుమ పూసిన పాత థర్మల్ పేస్టు పనికిరాదు, గాలి బుడగలు పడతయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు దిక్కులా తుడిచి కొత్తది పెట్టు. ఈ ప్రాసెసర్ పొడుగ్గ ఉంటది కాబట్టి నడుమ శనగగింజంత, అటూ ఇటూ చిన్న చుక్కలు చాలు.

మిక్సింగ్_వరంగల్
అన్నా, ఒక పిన్ను ఎనుక పూర్తిగ రాలే! బిగించి పేస్టు మార్చిన. ఉత్తగున్నప్పుడు 49. ఎక్స్‌పోర్ట్‌ల మాత్రం ఇరవై నిమిషాలకు 94 దాకా పోతుంది. పక్క డోర్ తీస్తే 85.

ఫ్యాన్_రెక్క
డోర్ తీస్తే 9 డిగ్రీలు తగ్గిందంటే ఇప్పుడు తప్పు క్యాబినెట్ గాలిది. మీ రోడ్డు మీద పత్తి నూగు ముందు జాలీకి కంబళి లెక్క పట్టేస్తది, జాలీ ఊడదీసి కడిగి ఆరబెట్టండి. సింక్ రెక్కల మధ్య, ఫ్యాను కింద కూడా నూగు ముద్దలు ఇరుక్కుంటాయి, బ్రష్‌తో లాగండి. బ్లోవర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, లేకుంటే అది అతివేగంగా తిరిగి బేరింగ్ పోతుంది. ముందు 120 మి.మీ. ఫ్యాన్లు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి ఉండాలి. గోడకు జానెడు దూరం పెట్టండి.

బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగులు) పవర్ లిమిట్లు, అంటే ప్రాసెసర్ ఎంత కరెంటు లాగొచ్చనే హద్దులు కూడా చూడండి. ఇంటెల్ లెక్క మామూలుగా 65 వాట్లు, కొద్దిసేపు మాత్రం 117 దాకా. కొన్ని బోర్డులు ఈ హద్దును ఎత్తేసి వదిలేస్తాయి. రెండూ 65కి దింపితే ఎక్స్‌పోర్ట్ కొద్దిగా ఆలస్యమైనా వేడి తగ్గుతుంది.

స్క్రూడ్రైవర్
లిక్విడ్ మాత్రం ఒద్దు. గాలైనా నీళ్లైనా రూం వేడి కంటే కిందికి దింపలేవు, 40ల రూంల ఏది పెట్టినా లెక్క 40 నుంచే మొదలు. పైంగ పంపు ఆగితే సిస్టమే ఆగుతది. 12400కు నాలుగు హీట్ పైపుల టవర్ కూలర్ దండి. డీప్‌కూల్ ఏజీ400 ఎత్తు 150 మి.మీ., ఏకే400 155. క్యాబినెట్‌ల ప్రాసెసర్ మీద నుంచి డోర్ దాకా కొలిచి తీస్కో. పాత కూలర్ ఎవలన్న ఇస్తనంటే ఎల్‌జీఏ1700 (నీ ప్రాసెసర్ కూసునే సాకెట్) బిగింపు ఉందో లేదో అడుగు: దీని రంధ్రాల దూరం 78 మి.మీ., అంతకుముందు వచ్చిన ఎల్‌జీఏ1200 సాకెట్‌కు 75. ఆ మూడు మి.మీ. కోసం వంచి బిగిస్తే మళ్ల మొదటి కథే.

ఫ్యాన్_రెక్క
ఇంకొకటి. ఎండాకాలం రూంలో పెట్టుకునే నీళ్ల కూలర్‌ను డోర్ తీసిన సిస్టం ఎదురుగా పెట్టకండి. రూం చల్లబడడానికి దూరంగా ఉంటే మంచిదే, కిటికీ తీసి ఉంచండి. ఎదురుగా పెడితే బోరు నీళ్ల తుంపర్లు నూగుతో కలిసి బోర్డు మీద ముద్ద కడతాయి, కూలర్ గడ్డి మీద పేరుకునే ఆ తెల్ల ఉప్పే బోర్డులోని చిప్పుల కాళ్ల మీదా తేలుతుంది.

మిక్సింగ్_వరంగల్
సమజైంది. ఏజీ400 చెప్పిన. ఫ్యాను ఏ దిక్కు?

స్క్రూడ్రైవర్
ర్యామ్ దిక్కు ఫ్యాను, గాలి ఎనుకకు కొట్టాలె. వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న దాంట్లనే. స్క్రూలు ఒక్కోదాన్ని రెండు చుట్లు, మార్చి మార్చి బిగించు. సింక్ అడుగున ప్లాస్టిక్ స్టిక్కర్ ఉంటే అది తీసినంకనే పేస్టు.