అల్ట్రాసౌండ్, పర్సల్ఫేట్ కలిపితే సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) అనే యాంటీబయాటిక్ 92 శాతం పోయింది. ఈ ఫలితాన్ని నమ్మొచ్చా?

నీటిబొట్టు:
అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. నీళ్లలో మిగిలిపోయే యాంటీబయాటిక్స్‌ని విరగ్గొట్టడం నా పని. వేసుకున్న మందులో చాలా భాగం మారకుండానే ఒంట్లోంచి బయటికి వచ్చేస్తుంది, మామూలు మురుగునీటి శుద్ధి దాన్ని పూర్తిగా ఆపలేదు. ఆ కాస్త మందుకే అలవాటుపడి బ్యాక్టీరియా మొండికెత్తుతుందని చదివాకే ఈ టాపిక్ పట్టుబట్టి తీసుకున్నాను.

250 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, లీటరుకు 10 మిల్లీగ్రాముల సిప్రో, 2 మిల్లీమోలార్ సోడియం పర్సల్ఫేట్ (ఆక్సీకరణ చేసే రసాయనం). నీళ్లలో ముంచే 20 కిలోహెర్ట్జ్ అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ని 100 వాట్ల సెట్టింగ్‌లో గంటసేపు నడిపాను. నీళ్లలో మందు ఎంత మిగిలిందో కొలిచే హెచ్‌పీఎల్‌సీలో చూస్తే అల్ట్రాసౌండ్ ఒక్కదానికే 14 శాతం తగ్గింది, పర్సల్ఫేట్ ఒక్కదానికే 6 శాతం, రెండూ కలిస్తే 92. గైడ్ గారు చాలా సంతోషించి పేపర్ మొదలుపెట్టమన్నారు.

నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. 30వ నిమిషంలో తీసిన శాంపిల్‌ని అదే రోజు నడిపితే 58 శాతం తగ్గుదల వచ్చింది. బల్ల మీద ఉంచిన అదే వయల్‌ని మర్నాడు నడిపితే 71. పైగా గంట అయ్యాక బీకరు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. థర్మామీటర్ పెట్టలేదు. టీఓసీ (నీళ్లలోని మొత్తం సేంద్రియ కార్బన్) చూస్తే 18 శాతమే తగ్గింది. ఎక్కడ పొరబడ్డాను?

పాత ల్యాబ్ మనిషి:
పేపర్ ఇప్పుడే రాయకండి అమ్మా. వయల్, బీకరు, ఈ రెండూ చెబుతున్నది ఒకటే: పర్సల్ఫేట్ మీ చేతిలో లేదు.

వయల్ సంగతి ముందు. మీరు శాంపిల్ తీసినంత మాత్రాన రియాక్షన్ ఆగదు. మిగిలిన పర్సల్ఫేట్ లోపల నిదానంగా పని చేస్తూనే ఉంటుంది. తీసిన వెంటనే కాస్త సోడియం థయోసల్ఫేట్ కలిపి దాన్ని చంపేయాలి. టెట్రాసైక్లిన్ మీద పని చేసినప్పుడు నేను ఇది చేయలేదు. శాంపిళ్లన్నీ వారాంతం దాకా ఫ్రిజ్‌లో పెట్టి ఒకేసారి నడిపేవాణ్ని. నాలుగు నెలల డేటా పారేయాల్సి వచ్చింది. ఆ రోజు ఎంత బాధపడ్డానో ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక వేడి. ప్రోబ్ పంపే శక్తిలో ఎక్కువ భాగం చివరికి వేడిగానే మారుతుంది. 50 డిగ్రీలు దాటితే ఆ వేడికే పర్సల్ఫేట్ విరిగి సల్ఫేట్ రాడికల్స్ (దొరికిన అణువునల్లా కొట్టే చురుకైన ముక్కలు) ఇస్తుంది, అల్ట్రాసౌండ్ అవసరమే లేదు. పోలిక కోసం చేసిన మీ 'పర్సల్ఫేట్ ఒక్కటే' కంట్రోల్ గది వేడిలో చేశారు కదా? అంటే చల్లటి కంట్రోల్‌ని వేడి ప్రయోగంతో పోల్చారు. వాటర్ జాకెట్ బీకరులో ఐస్ నీళ్లు తిప్పుతూ 25 డిగ్రీల దగ్గర నిలబెట్టి మళ్లీ చేయండి. ఇంకో బీకరుని ప్రోబ్ లేకుండా హాట్‌ప్లేట్ మీద, మొదటిసారి ఎలా వేడెక్కిందో అలాగే వేడెక్కించండి. ఈ రెండు అంకెలు లేనిదే 92కి అర్థం లేదు.

అల్ట్రాసౌండ్ ఒక్కటే 14 శాతం దగ్గర ఆగడంలో వింతేం లేదు. నీళ్లలో పుట్టే సన్నటి బుడగలు పెరిగి ఒక్కసారిగా కూలిపోతాయి. ఆ క్షణంలో బుడగ లోపల సుమారు 5,000 కెల్విన్ వేడి, వందల అట్మాస్ఫియర్ల ఒత్తిడి పుడతాయి. లోపలి నీటి ఆవిరి చీలి హైడ్రాక్సిల్ రాడికల్ వస్తుంది. సిప్రో ఆవిరి కాదు, నీళ్లని వదలదు, కాబట్టి బుడగలోకి వెళ్లదు. రాడికలే బయటికి రావాలి, కానీ చాలా భాగం బుడగ అంచు దగ్గరే ఒకదాన్నొకటి పట్టుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారిపోతాయి. పైగా 20 కిలోహెర్ట్జ్‌లో బుడగలు పెద్దవి, కుదుపు ఎక్కువ, రాడికల్స్ తక్కువ. రాడికల్స్ కావాలంటే 200 నుంచి 600 కిలోహెర్ట్జ్ మధ్య చూడండి.

ఏ రాడికల్ పని చేస్తోందో తేల్చడానికి హైడ్రాక్సిల్‌ని పట్టేసే టెర్షియరీ బ్యూటనాల్ అనే ఆల్కహాల్ వేస్తారు కదా, అక్కడ కూడా జాగ్రత్త. ఆ ఆల్కహాల్ బుడగలోకి దూరి, అది కూలేటప్పటి వేడినే తగ్గించేస్తుంది. రేటు పడిపోయింది కాబట్టి హైడ్రాక్సిలే కారణం అని వెంటనే రాసేయకూడదు.

సూక్ష్మజీవి:
మైక్రోబయాలజీ వైపు నుంచి ఒక మాట. హెచ్‌పీఎల్‌సీలో సిప్రో పీక్ పోయిందంటే ఆ అణువు మారిందని మాత్రమే. దాని పవర్ పోయిందని కాదు. మీ టీఓసీ 18 శాతమే తగ్గిందంటే కార్బన్‌లో చాలా భాగం ఇంకా నీళ్లలోనే ఉంది, వేరే రూపంలో. సిప్రోలో సాధారణంగా ముందు దెబ్బతినేది పైపెరజీన్ రింగ్. బ్యాక్టీరియాలోని డీఎన్ఏ గైరేజ్ అనే ఎంజైమ్‌ని పట్టుకునే క్వినోలోన్ భాగం అలాగే మిగలొచ్చు. అప్పుడు సిప్రో విరగ్గా వచ్చిన పిల్ల అణువులు కూడా బ్యాక్టీరియా మీద పని చేస్తాయి.

ఇ.కోలి పెంచిన ప్లేట్‌లో చిన్న గుంతలు చేసి, శాంపిల్ వేసి, చుట్టూ పెరగని వలయం ఎంతుందో కొలవండి. పర్సల్ఫేట్ కూడా బ్యాక్టీరియాని చంపుతుంది, అందుకని థయోసల్ఫేట్ కలిపినదే వేయాలి. మందు లేకుండా అదే మిశ్రమం వేసిన గుంత ఒకటి ఉండాలి. 92 శాతం పోతే మిగిలేది లీటరుకు 0.8 మిల్లీగ్రాములు కాబట్టి అంతే గాఢతతో స్వచ్ఛమైన సిప్రో గుంత కూడా పెట్టండి. మీ శాంపిల్ వలయం దానికంటే పెద్దగా ఉంటే ఆ తేడా పిల్ల అణువులదే. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ దొరికితే ఇంకా మంచిది. సిప్రోలో ఉన్నది ఒకే ఒక్క ఫ్లోరిన్, అది ఎంత ఊడి వచ్చిందో తెలుస్తుంది.

ప్లాంటు ఇంజినీరు:
పని బాగుంది, కానీ కరెంటు లెక్క కూడా వేయండి. మీ బీకరుకి గంటకి 0.1 యూనిట్. ఒక ఘనపు మీటరుకి అలాంటి బీకర్లు 4,000, అంటే 400 యూనిట్లు. 92 శాతం పోయిందంటే పదో వంతు కంటే కాస్త తక్కువే మిగిలింది కాబట్టి, పదో వంతుకి తేవడానికి దాదాపు 365 యూనిట్లు పడుతుంది. ఓజోన్‌కి ఈ అంకె సాధారణంగా ఒక యూనిట్ లోపే.

అసలు మురుగునీళ్లలో బైకార్బనేట్, క్లోరైడ్, కుళ్లిన సేంద్రియ పదార్థం మీ రాడికల్స్‌ని దారిలోనే తినేస్తాయి. డిస్టిల్డ్ వాటర్ అంకె అక్కడ నిలబడదు. ఇంకోటి, 2 మిల్లీమోలార్ పర్సల్ఫేట్ మొత్తం ఖర్చయితే లీటరుకు 384 మిల్లీగ్రాముల సల్ఫేట్ మిగులుతుంది, పీహెచ్ కూడా పడిపోతుంది. నన్నడిగితే దీన్ని ఊరంతటి మురుగునీటికి కాకుండా, మందు గాఢంగా ఉండే తక్కువ నీళ్లకి, వేరే నీళ్లలో కలవకముందే వాడాలి.

నీటిబొట్టు:
మూడు వారాలు పట్టింది, ఆలస్యానికి క్షమించండి. చెప్పినవన్నీ చేశాను.

థర్మామీటర్ పెట్టి పాత ప్రయోగమే మళ్లీ చేస్తే గంటకి 58 డిగ్రీలు చేరింది. హాట్‌ప్లేట్ మీద, ప్రోబ్ లేకుండా, అదే తీరులో వేడెక్కిస్తే 67 శాతం తగ్గింది. 25 డిగ్రీల దగ్గర నిలబెట్టి అల్ట్రాసౌండ్, పర్సల్ఫేట్ కలిపితే 41. అంటే నా 92లో పెద్ద వాటా వేడిది. అయినా 41 అనేది 14, 6 కలిపినదానికంటే ఎక్కువే. రేటు కాన్‌స్టంట్‌లతో (మందు విరిగే వేగాన్ని చెప్పే అంకెలతో) లెక్కేస్తే, విడివిడిగా చేసినవాటి మొత్తానికి రెండున్నర రెట్లు. ముందు నేను పన్నెండు రెట్లు అని రాసుకున్నాను.

మొదటి 5 నిమిషాల్లో నీళ్లు 6 డిగ్రీలు వేడెక్కాయి, దాన్నిబట్టి నీళ్లలోకి చేరేది 21 వాట్లే. 25 డిగ్రీల అంకెతో వేస్తే, ఘనపు మీటరుని పదో వంతుకి తేవడానికి కరెంటు దాదాపు 1,750 యూనిట్లు అవుతోంది.

92 శాతం శాంపిల్‌ని ప్లేట్‌లో వేస్తే 15 మిల్లీమీటర్ల వలయం, 0.8 మిల్లీగ్రాముల సిప్రోకి 12. మందు లేని గుంత చుట్టూ ఏమీ లేదు. ప్లేట్లు గైడ్ గారికి చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "హాట్‌ప్లేట్ కంట్రోల్‌ని పేపర్‌లో మొదటి బొమ్మగా పెట్టు" అన్నారు.

వచ్చే వారం పక్క డిపార్ట్‌మెంట్‌లో 400 కిలోహెర్ట్జ్ అల్ట్రాసౌండ్ ప్లేట్ దొరుకుతోంది. అది అడుగు నుంచి పని చేస్తుంది, మరి చల్లబరచడం ఎలా?

పాత ల్యాబ్ మనిషి:
పక్కల నుంచి జాకెట్ పెట్టండి. నీళ్ల ఎత్తు ప్రతిసారీ ఒకేలా ఉంచండి, ఎత్తు మారితే లోపల తరంగం తీరే మారిపోతుంది. వాట్ల కొలత మళ్లీ మొదట్నుంచి చేయండి. 21 వాట్ల దగ్గరే పోల్చండి.