ఫార్మసీ ప్రాక్టీస్ అధ్యాపకుడిని హెచ్-ఇండెక్స్‌తో తూచవచ్చా?

వార్డునోట్సు
మా ఫార్మసీ కళాశాలలో ఈసారి పదోన్నతికి హెచ్-ఇండెక్స్ పట్టిక వేశారు. మన పత్రాలను ఇతరులు తమ పత్రాల్లో ఎన్నిసార్లు ఉదహరించారో, అంటే ఎన్ని సైటేషన్లు వచ్చాయో, దాన్ని బట్టి కట్టే అంకె అది. నా పేరు ఎదురుగా 4 అని ఉంది, ఫార్మాస్యూటిక్స్ (మందుల తయారీ శాస్త్రం) సహోద్యోగి పేరు ఎదురుగా 19. పదోన్నతి ఆయనకే వచ్చింది. ఆయన మంచి పరిశోధకుడు, ఆయన మీద నాకు కోపం లేదు. నా అభ్యంతరమంతా ఆ కొలబద్ద మీదే. నాది ఫార్మసీ ప్రాక్టీస్, అంటే రోగులకు మందులు సరిగ్గా వాడించే విభాగం. పదకొండేళ్లుగా రోజూ ఉదయం జనరల్ మెడిసిన్ వార్డులో ఉంటున్నాను. మూత్రపిండాలు దెబ్బతిన్న రోగికి క్రియాటినిన్ క్లియరెన్స్ (మూత్రపిండాలు ఎంత పనిచేస్తున్నాయో తెలిపే కొలత) లెక్కగట్టి, యాంటీబయాటిక్ మోతాదు తగ్గించమని వైద్యుడికి చెబుతాను, ఆయన తగ్గిస్తారు. ఆ పని ఎవరి సైటేషన్లలోకి ఎక్కుతుంది? మందు దుష్ప్రభావం మీద కేసు నివేదిక రాసిన ప్రతిసారీ అది ఆ మందు వల్లేనా అని అంచనా వేసే 1981 నాటి నరాంజో స్కేలును ఉదహరిస్తాం. ఆ స్కేలుకు లెక్కలేనన్ని సైటేషన్లు. దాన్ని రోగి మంచం పక్కన నిలబడి వాడినవాళ్ల నివేదికకు ఒకటో రెండో వస్తే గొప్ప.

లెక్కతప్పదు
వార్డునోట్సు గారూ, 4 అంటే కనీసం నాలుగేసి సైటేషన్లు వచ్చిన పత్రాలు మీకు నాలుగు ఉన్నాయని, ఐదేసి వచ్చినవి ఐదు లేవని అర్థం. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ఈ లెక్కను ప్రతిపాదించినప్పటి నుంచి దాని లోపాలన్నీ అందరికీ తెలుసు. అయినా మీ పత్రాలను ఇతరులు తక్కువగా వాడుకున్నారన్నది నిజమే కదా? వార్డు పని ఉద్యోగ ధర్మం. దాన్ని పరిశోధన ఖాతాలో ఎలా వేస్తారు?

కృష్ణాతీరం
సైటేషన్లు లెక్కపెట్టే డేటాబేసులు వేరువేరు. ఆ 4 స్కోపస్‌దా, గూగుల్ స్కాలర్‌దా?

వార్డునోట్సు
స్కోపస్‌ది. గూగుల్ స్కాలర్‌లో 7 ఉంది. ఇక్కడ అది ముఖ్యం కాదు.

కృష్ణాతీరం
అదే ముఖ్యం. గూగుల్ స్కాలర్ సదస్సు పత్రాలను, సిద్ధాంత గ్రంథాలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఆయన 19 ఎక్కడిది?

వార్డునోట్సు
తెలియదు. లెక్కతప్పదు గారికి జవాబు చెబుతాను. మన దేశంలో రోగుల వైద్యంతో ముడిపడ్డ ఫార్మసీ డిగ్రీ ఫార్మ్‌డి 2008లో మొదలైంది. ఫార్మాస్యూటిక్స్‌కు దశాబ్దాల ముందు నుంచే విభాగాలు, ప్రయోగశాలలు ఉన్నాయి. మనల్ని ఉదహరించే మనుషులే తక్కువ. పైగా జర్నళ్లను రంగాలవారీగా వర్గాలు చేసే సైటేషన్ డేటాబేసు వెబ్ ఆఫ్ సైన్స్‌లో మనకు ప్రత్యేక వర్గం లేదు. కొత్త అణువుల మీద పని, మందులు సరిగ్గా వాడించే పని ఒకే వర్గంలో పడతాయి. ఇది నా ఒక్కడి ఫిర్యాదు కాదు. 2022లో ఈ రంగపు జర్నళ్ల సంపాదకులు స్పెయిన్‌లోని గ్రనడాలో సమావేశమై, మరుసటి ఏడాది 18 సిఫారసులు ప్రకటించారు. మన పత్రాలు వేరే రంగాల జర్నళ్లలోకి చెల్లాచెదురుగా పోతున్నాయనీ, కొలమానాలను జాగ్రత్తగా వాడాలనీ అందులో ఉంది. వరిని, కందిని పక్కపక్కన పెట్టి ఎకరాకు ఎన్ని బస్తాలని అడిగితే ఎలా?

నల్లమల
సంఖ్యే కావాలంటే సంఖ్యను అమ్మేవాళ్లు పుట్టుకొస్తారు. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఒమిక్స్ అనే జర్నళ్ల ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమంది. పీర్ రివ్యూ (అచ్చుకు ముందు తోటి నిపుణులు పత్రాన్ని పరిశీలించడం) విషయంలో రచయితలను మోసగించారన్నది అందులో ప్రధాన ఆరోపణ.

లెక్కతప్పదు
దొంగ జర్నళ్లను తీసేయండి, నేనూ ఒప్పుకుంటాను. సంఖ్యనే తీసేస్తే ఏం మిగులుతుందో నన్ను అడగండి. ఒక కళాశాల ఇంటర్వ్యూకు వెళ్లాను. నా పత్రాలన్నీ ఫైలులో పెట్టి బల్ల మీద ఉంచాను. ఒక్కరూ తెరవలేదు. 'వార్డులో బాగా పని చేస్తారు' అంటూ యాజమాన్యం బంధువును తీసుకున్నారు. మీరు ఇప్పుడు అంటున్నది అదే మాట! ఆ వార్డు పనిని ఎవరు చూశారు, ఎవరు రాశారు? నా వెనుక సిఫారసు లేదు. నాకున్నది ఆ సంఖ్య ఒక్కటే. దాన్ని కూడా లాక్కుంటామంటే ఊరుకోను.

వార్డునోట్సు
నన్ను ఆ బంధువుతో పోల్చడం అన్యాయం. నా పనికి రిజిస్టరు ఉంది. ప్రతి సూచన పక్కన వైద్యుడు ఒప్పుకున్నారా లేదా అని రాసి, ఆయన సంతకం తీసుకుంటాను.

ఫార్మ్‌డి_2019
సార్, ఆ రిజిస్టరు నింపేది ఎవరు? నేను చదివిన చోట మేం నలుగురం ఆరు నెలలు కేస్‌షీట్లు తిరగేశాం. పత్రం అచ్చయినప్పుడు మాలో ఒక్కరి పేరే ఉంది, అదీ చివర్లో. మొదటి పేరు విభాగాధిపతిది. ఆయన వార్డుకు వచ్చింది రెండుసార్లు. సైటేషన్లా, వార్డు పనా అని మీరిద్దరూ వాదించుకుంటున్నారు. రెండూ మా చేతుల మీదుగానే వచ్చాయి.

వార్డునోట్సు
సమాచారం సేకరించినంత మాత్రాన రచయిత కారమ్మా. వైద్య జర్నల్ సంపాదకుల అంతర్జాతీయ సంఘం నిబంధనలు అదే చెబుతున్నాయి. రాతలోనూ భాగం ఉండాలి.

ఫార్మ్‌డి_2019
ఆ నిబంధనల్లోనే తర్వాతి వాక్యాలు కూడా చదవండి సార్. పరిశోధనలో గణనీయంగా పాలుపంచుకున్నవారికి రాతలో పాల్గొనే అవకాశం ఇవ్వాలనీ, ఆ అవకాశం ఇవ్వకుండా రచయిత కారని తీసేయకూడదనీ ఉంది. మాకు ముసాయిదా చూపనే లేదు.

నల్లమల
ఈ అమ్మాయి అడిగినదానికి ముందు జవాబు చెప్పండి.

వార్డునోట్సు
రాత్రి కూర్చుని నా పత్రాలన్నీ మళ్లీ చూశాను. ప్రాజెక్టుల నుంచి వచ్చినవి మూడు. రెండింటిలో విద్యార్థులందరి పేర్లూ ఉన్నాయి. మూడోదానిలో ఇద్దరివి లేవు. అప్పట్లో ఎందుకు వదిలేశానో గుర్తు లేదు, గుర్తు లేకపోవడమే నాకు కష్టంగా ఉంది. జర్నల్‌కు సవరణ కోసం రాస్తాను.

లెక్కతప్పదు
అది మీ మంచితనం, కాదనను. పదోన్నతి ఎలా ఇవ్వాలో మాత్రం మీరింకా చెప్పలేదు.

వార్డునోట్సు
అభ్యర్థి తన పత్రాల్లో ఐదింటిని ఎంచుకోవాలి, ఒక్కోదానిలో ఎవరి పని ఎంతో రాసి ఇవ్వాలి. మన విభాగానికే చెందిన బయటి పరీక్షకులు ఇద్దరు వాటిని చదవాలి. రిజిస్టరులోని సంతకాలు నిజమో కాదో వైద్యులను అడగాలి. సైటేషన్లు చూడనివ్వండి, అయితే మన విభాగం వాళ్లతోనే పోల్చి చూడాలి.

లెక్కతప్పదు
ఆ ఇద్దరు పరీక్షకులను ఎవరు ఎంపిక చేస్తారు? యాజమాన్యమే అయితే నా సంఖ్యను నేను వదలను.

కృష్ణాతీరం
ఆ 19 గురించి కనుక్కున్నారా?

వార్డునోట్సు
ఆయననే అడిగాను. దాచకుండా చెప్పారు, అది గూగుల్ స్కాలర్‌ది. స్కోపస్‌లో 13.

కృష్ణాతీరం
ఒకే పట్టికలో రెండు తూకాలు. ఎవరికి వచ్చినా సరే, ఆ పట్టికను సరిచేయమని మీరిద్దరూ కలిసి అర్జీ పెట్టండి.