హనోయ్‌కి ఒక్కదాన్నే వెళ్తున్నాను. అక్కడ మనుషులు ఎలా పరిచయమవుతారు?

ఉద్దానం_పిల్ల (పలాస):

అందరికీ నమస్కారం. మాది కాశీబుగ్గ, ఉద్యోగం విశాఖలో. అక్టోబరు చివర్లో వియత్నాం వెళ్తున్నాను. ఎక్కువ రోజులు హనోయ్‌లోనే ఉంటాను. నాతో రావాల్సిన స్నేహితురాలికి సెలవు దొరకలేదు. టికెట్ వదులుకోవడం నాకు ఇష్టం లేదు కాబట్టి వీపుకి ఒక బ్యాగు తగిలించుకుని ఒక్కదాన్నే బయల్దేరుతున్నాను.

ఊరు తిరగడం గురించి భయం లేదు. రోజంతా ఎవరితోనూ రెండు మాటలైనా మాట్లాడకుండా గడిచిపోతుందేమో అన్నదే నా బెంగ. టూరిస్టులు దిగే హాస్టళ్లలో రాత్రి పార్టీలు నాకు పడవు, మందు తాగను. కొత్తవాళ్లని పలకరించాలంటే నోరు పెగలదు. పైగా అక్కడ ఇంగ్లిష్ తెలిసినవాళ్లు తక్కువ అంటున్నారు. అమ్మేమో "ఎవరితోనూ మాట్లాడకు" అంటోంది, అదో టెన్షన్. ఇలా ఒంటరిగా వెళ్లి స్నేహితుల్ని సంపాదించుకున్నవాళ్లు ఉంటే, అది ఎలా జరిగిందో వివరంగా చెప్పండి.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):

ముందు జాగ్రత్తలు చెప్తానమ్మా, స్నేహాల గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు వస్తారు. ఈ-వీసా వియత్నాం ప్రభుత్వ సైట్లోనే తీసుకో. ఒక్కసారి వెళ్లి రావడానికి 25 డాలర్లు. 2023 ఆగస్టు నుంచి 90 రోజుల వరకు ఇస్తున్నారు. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి, ఎక్కువ గుంజుతాయి.

బైకు అద్దెకు తీసుకోకు. మన దగ్గర ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి అంతర్జాతీయ రోడ్డు రవాణా ఒప్పందం కింద వచ్చేది, వాళ్లు ఒప్పుకునేది 1968 ఒప్పందం కింద ఇచ్చినది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు. మన ఓలా, ఊబర్ లాంటి గ్రాబ్ యాప్ వాడుకో. రోడ్డు దాటేటప్పుడు పరుగెత్తకు, మధ్యలో ఆగిపోకు, ఒకే వేగంతో నెమ్మదిగా నడిస్తే బైకులే పక్కనుంచి వెళ్లిపోతాయి. ఎవరైనా అడక్కుండానే నీ చెప్పులు పట్టుకుని కుట్టడం మొదలుపెడితే వెంటనే కాలు వెనక్కి తీసుకో. తర్వాత డబ్బు కోసం గొడవ చేస్తారు.

కోట_జంక్షన్ (విజయనగరం):

చెల్లీ, నేను ఇక్కడ టీచర్‌ని. వేసవి సెలవుల్లో హనోయ్ ఒక్కదాన్నే వెళ్లాను. అక్కడ నాకు దొరికిన స్నేహితురాలికి డెబ్బై ఏళ్లు దాటాయి. సెయింట్ జోసెఫ్ చర్చి దగ్గర ఒక సందులో టీ అమ్ముతుంది. ఇప్పటికీ ఆమె మనవరాలి ఫోన్లోంచి నాకు ఫొటోలు వస్తుంటాయి.

అక్కడ ఐసు వేసిన టీ అమ్మే కొట్లు సందుసందుకీ ఉంటాయి. కొట్టంటే గోడా తలుపూ ఏమీ ఉండవు. ఫుట్‌పాత్ మీద చిన్న బల్ల, పెద్ద కెటిల్, ఐసు డబ్బా, చుట్టూ మోకాలెత్తు కూడా లేని ప్లాస్టిక్ స్టూళ్లు. గ్లాసు టీ ఇరవై రూపాయల లోపే. కొరుక్కోవడానికి పొద్దుతిరుగుడు గింజలు ఉంటాయి. ఒక్క గ్లాసు తీసుకుని గంట కూర్చున్నా ఎవరూ లేవమనరు. ఆఫీసుల వాళ్లు, గ్రాబ్ బైకుల వాళ్లు, కాలేజీ పిల్లలు అందరూ అక్కడే చేరతారు. స్టూళ్లు ఎంత దగ్గరగా ఉంటాయంటే, పక్కవాళ్ల మోకాలు తగలకుండా కూర్చోలేం.

మొదటి రోజు ఎవరూ నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. మర్నాడు అదే వేళకి వెళ్తే ఆ మామ్మ నవ్వింది. ఆ తర్వాత రోజు నేను వచ్చేసరికి నీడలో ఒక స్టూలు తీసి ఉంచింది. నేను నీకు చెప్పదలచుకున్నది ఇదే. రోజుకి అయిదు చోట్లు చూడాలని లిస్టు రాసుకున్నవాళ్లకి ఈ స్టూలు దొరకదు. మ్యూజియంలు తగ్గించుకో. ఒకే పేటలో గది తీసుకో, ఒకే కొట్టుకి, ఒకే వేళకి వెళ్లు. నోరు పెగలని మనిషికి ఇంతకంటే సులువైన దారి లేదు, ఎందుకంటే పలకరించే పని నీది కాదు, వాళ్లదే అవుతుంది.

వయసు అడుగుతారు, పెళ్లయిందా అని అడుగుతారు. ఏమీ అనుకోకు. మనలాగే వాళ్లూ వయసు చూసి వరస కలుపుతారు. ఎవరిని ఎలా పిలవాలో తెలియాలంటే వయసు తెలియాలి కదా.

మాటలు లేనిచోట నన్ను ఆదుకున్నది నా ఫోన్లో ఉన్న మా ఊరి సిరిమాను పండుగ వీడియో. ఆ పొడవాటి మాను చివర పూజారి గారు కూర్చోవడం, ఆ జనం, పైడితల్లి గుడి నుంచి కోట దాకా అది మూడుసార్లు తిరగడం చూసి మామ్మ రెండు చేతులూ జోడించింది. మళ్లీ పెట్టమంది. పక్కనున్న బైకుల వాళ్లు కూడా తలలు దూర్చారు. ఆ సాయంత్రమే మామ్మ తన మనవరాలిని పిలిపించింది. డిగ్రీ చదువుతోంది, ఇంగ్లిష్ మాట్లాడటం ఆమెకి మహా సరదా. మా ఇద్దరికీ ఆ పిల్లే గొంతు.

నేను మాంసం, చేపలు తిననని తెలిశాక మామ్మ నన్ను పౌర్ణమి దాకా ఉండమంది. వాళ్ల చాంద్రమాన నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు చాలామంది మాంసం ముట్టరు. ఆ రోజు ముగ్గురం కలిసి క్వాన్ సూ పగోడాకి (బౌద్ధుల గుడి) వెళ్లి దణ్ణం పెట్టుకుని, దగ్గర్లో శాకాహార భోజనం చేశాం. అన్నం, టోఫు, వేయించిన తూటికూర. మన చెరువుల్లో ఎవరూ పట్టించుకోని ఆ కూర వాళ్లకి రోజూ ఉండాల్సిందే. డబ్బులు ఇవ్వబోతే మామ్మ నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. (నువ్వూ శాకాహారివైతే ఒక్క సంగతి: కూరగాయల వంటల్లోనూ చేపల సాస్ పోస్తారు. శాకాహార హోటల్ చూసుకునే తిను.)

నువ్వు అక్టోబరులో వెళ్తున్నావు, నాకు కుళ్లుగా ఉంది. ఆ కాలంలో అక్కడ పచ్చి అటుకులు వస్తాయట, తామరాకులో చుట్టి అమ్ముతారు. వాటికోసమే మళ్లీ రమ్మని మామ్మ నన్ను పిలిచింది.

ఉద్దానం_పిల్ల:

అక్కా, చదువుతుంటే ఇప్పుడే వెళ్లిపోవాలనిపిస్తోంది. రెండు సందేహాలు. ఇంగ్లిష్ మాట్లాడాలని విద్యార్థులు వాళ్లంతట వాళ్లే వచ్చి పలకరిస్తారని విన్నాను, నమ్మొచ్చా? ఇంకోటి, ఏదైనా తీసుకెళ్లి ఇవ్వాలంటే మాకు జీడిపప్పు తప్ప ఏముంది? అమ్మ పనిచేసేది కూడా జీడి బట్టీలోనే.

కోట_జంక్షన్:

నమ్మొచ్చు. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా హోన్ కీమ్ సరస్సు చుట్టూ బళ్లు ఆపేస్తారు, అంతా నడిచేవాళ్లే. చిన్నపిల్లలు కూడా నోటుబుక్కు పట్టుకుని వచ్చి ప్రశ్నలు అడుగుతారు, అమ్మానాన్నలు పక్కనే నిలబడి ఉంటారు. అక్కడే మాట్లాడు, అందరి మధ్యా మాట్లాడు. నిజంగా నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు డబ్బు అడగరు. ఇంకో చోటికి రమ్మని ఎవరైనా తొందరపెడితే లేచి వచ్చెయ్యి, మొహమాటం వద్దు.

అమ్మకి టీ కొట్టు నుంచే వీడియో కాల్ చెయ్యి. మా అమ్మ కూడా నీ వాళ్లలాగే భయపడింది. మామ్మని చూపించాక రోజూ "ఆవిడ ఎలా ఉంది" అని అడగడం మొదలుపెట్టింది.

పిక్కల_బస్తా (కాశీబుగ్గ):

మన ఊరి పిల్లవని ఈ మాట రాస్తున్నాను. జీడిపప్పు ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం వియత్నాందే. దక్షిణాన బిన్ ఫుక్ వైపు తోటలు ఉన్నాయి, అవి చాలక మనలాగే వాళ్లూ ఆఫ్రికా నుంచి పిక్కలు తెప్పించుకుంటారు. అయినా తీసుకెళ్లమ్మా. వాళ్లకి తెలిసిన వస్తువే కాబట్టి మాట కలుస్తుంది. అమ్మ పిక్క కొట్టి పప్పు ఎలా తీస్తుందో, జీడి నూనె అంటకుండా చేతులు ఎలా కాపాడుకుంటుందో ఫోన్లో తీసి పెట్టుకో, ఏ పరిచయం కంటే అదే బాగా పనిచేస్తుంది. పచ్చి పప్పు వద్దు. ఉప్పూ కారం వేసి వేయించిన గుండు పప్పు, పావుకిలో ప్యాకెట్లు సీలు వేయించి పట్టుకెళ్లు. బయల్దేరే వారం ముందు చెప్తే తాజాగా వేయించి ఇస్తాను.