96 ఏళ్ల జడ్జికి కేసులు ఆపేశారు: ఇది దించడం కాదా?

నల్లకోటు:
అమెరికాలో పేటెంట్ అప్పీళ్లన్నీ వెళ్లే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు జడ్జి పాలీన్ న్యూమన్ సంగతి. పుట్టింది 1927లో. యేల్‌లో కెమిస్ట్రీ పీహెచ్‌డీ, ఆ తర్వాత లా, ఎఫ్‌ఎంసీ కంపెనీలో 30 ఏళ్లు పేటెంట్ల పని. 1984లో అప్పటి అధ్యక్షుడు రీగన్ నియమించారు. 2023 సెప్టెంబరు నుంచి ఆమె బల్ల మీదికి ఒక్క కొత్త కేసు రాలేదు. ఆపింది తోటి జడ్జీలే. ఫెడరల్ జడ్జిని దించాలంటే దిగువసభ అభిశంసించాలి, సెనేట్‌లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. ఇన్నేళ్లలో అలా పోయినవాళ్లు 8 మందే. ఇక్కడ సెనేట్ ఊసే లేదు.

సెక్షన్_శర్మ:
దించలేదండీ. పదవి ఉంది, జీతం వస్తోంది. జడ్జీల మీద ఫిర్యాదులకు పెట్టిన 1980 చట్టం ఏం చెబుతుందో ముందు చూడండి. చీఫ్ జడ్జి తనంతట తానే ఫిర్యాదు నమోదు చేయొచ్చు, ప్రత్యేక కమిటీ విచారిస్తుంది, ఆ కోర్టు జడ్జీలే ఉండే జ్యుడీషియల్ కౌన్సిల్ తేలుస్తుంది. తీర్పులు రాయడంలో జాప్యం, సిబ్బంది చెప్పిన మాటలు చూసి కమిటీ న్యూరాలజిస్టు పరీక్షకు వెళ్లమంది, వైద్య రికార్డులు అడిగింది. ఆమె రానన్నారు. శిక్ష దానికి. మతి తప్పిందని ఏ ఉత్తర్వూ తేల్చలేదు.

గోదారి_గట్టు:
మన దగ్గర హైకోర్టు జడ్జికి 62 నిండితే ఇంటికే. గొడవే లేదు.

పాత_ఫైలు:
గొడవ లేదా? 2017లో కలకత్తా హైకోర్టు జడ్జి జస్టిస్ కర్ణన్ కేసు మరిచిపోయారా! ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆయన పని ఆపింది. మే 1న వైద్య పరీక్ష చేయించమంది, ఆయన ఒప్పుకోలేదు. మే 9న కోర్టు ధిక్కారం కింద ఆరు నెలల జైలు. పార్లమెంటు గడప తొక్కకుండానే అయిపోయింది.

నల్లకోటు:
శర్మగారూ, మీ చట్టంలోదే అడుగుతున్నా. 'తాత్కాలికంగా, నిర్ణీత కాలానికి' కేసులు ఆపొచ్చు అని ఉంది. 2023లో ఒక ఏడాది, 2024లో ఇంకో ఏడాది, 2025లో మళ్లీ ఇంకో ఏడాది. నిర్ణీత కాలం ఎక్కడుంది ఇందులో?

సెక్షన్_శర్మ:
ఏటా కొత్త ఉత్తర్వు, ఏటా కొత్త గడువు. పరీక్షకు వస్తే ముగుస్తుందని ప్రతిసారీ చెబుతూనే ఉన్నారు.

నల్లకోటు:
వాయిదా మీద వాయిదా వేసి, ఏ ఒక్క వాయిదా పొడుగు కాదన్నట్టుంది.

ఇంకోటి. ఫిర్యాదు నమోదు చేసింది చీఫ్ జడ్జి మూర్. కమిటీలో ఆమే. కౌన్సిల్లోనూ ఆమే. విచారణను వేరే సర్క్యూట్ కోర్టుకు పంపమని సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్‌ను కోరే వీలుంది, కోరలేదు. న్యూమన్ తరఫు డాక్టర్లు బాగానే ఉందని ఇచ్చిన రిపోర్టులు చాలవన్నారు. నిజంగా చేతకావడం లేదనుకుంటే సెక్షన్ 372 ఉందిగా? శాశ్వతంగా అశక్తురాలని కౌన్సిల్లో మెజారిటీ సంతకాలు పెడితే, అధ్యక్షుడు కూడా సరేననుకుంటే అదనపు జడ్జిని వేయొచ్చు. ఆ దారి ఎందుకు పట్టలేదు? అక్కడ అశక్తత రుజువు చేయాలి కాబట్టి!

సెక్షన్_శర్మ:
పరీక్షే చేయించుకోకపోతే రుజువెలా చేస్తారు మాస్టారూ? ఆమె వేసిన దావా కోర్టుల్లోనూ నెగ్గలేదు. జిల్లా కోర్టు 2024 జులైలో కొట్టేసింది, వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు డీసీ సర్క్యూట్ 2025 ఆగస్టులో అదే ఖాయం చేసింది.

మందుబిళ్ల:
ఈమె కోసం ఇంత కంఠశోష ఎందుకండీ? 2004 ఫిబ్రవరి ఆమ్లోడిపిన్ తీర్పు రాసిందెవరు? ఆమ్లోడిపిన్ అనే బీపీ మందును ఫైజర్ అమ్మింది బెసిలేట్ లవణ రూపంలో. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ తేబోయింది మాలియేట్ లవణ రూపంలో. 2003లో అయిపోవాల్సిన పేటెంట్ గడువు 2006 దాకా పొడిగింది. ఆ పొడిగింపు, అమ్మకానికి అనుమతి వచ్చిన బెసిలేట్ లవణానికే వర్తిస్తుందని వాదించి రెడ్డీస్ కింది కోర్టులో గెలిచింది. ఈవిడ తిరగేసింది. ఏ లవణమైనా లోపల పనిచేసేది ఆమ్లోడిపినే కదా అని.

నల్లకోటు:
అదీ మాట! ఇంతసేపూ వయసు, పరీక్ష అన్నారు. అసలు కడుపుమంట మాలియేటా? ఆ కేసులో అప్పటి చీఫ్ జడ్జి మేయర్ అసమ్మతి తీర్పు రాశారు. ఆయనదే నచ్చితే ఆయన్ని పొగడండి. తీర్పు నచ్చలేదని జడ్జిని మూలన కూర్చోబెట్టడం మొదలైతే ఏ కోర్టూ మిగలదు.

సెక్షన్_శర్మ:
మాలియేట్ నాకు అంటగట్టకండి, నేనన్నది కాదు. కక్షిదారుడి వైపు నుంచి చూడండి. బెంచిలో ముగ్గురుంటారు. రాయాల్సిన ఒక్కరు ఆలస్యం చేస్తే మిగతా ఇద్దరూ ఆగాలి. పేటెంట్ ఆయువేమో దరఖాస్తు వేసిన రోజు నుంచి 20 ఏళ్లు, అది ఎవరి కోసమూ ఆగదు. జీవితాంతం పదవి అని రాసుకున్నారు సరే, పని జరగకపోతే అడిగేదెవరు? సెనేటా? అభిశంసనకు ఎంతకాలం పడుతుందో తెలుసా?

నల్లకోటు:
పట్టనివ్వండి. అందుకే అంత కష్టంగా పెట్టారు. తోటి జడ్జీలు అడగొచ్చని మీరంటున్నారు. రేపు ఎప్పుడూ అసమ్మతి రాసే జడ్జిని కూడా ఇలాగే 'పరీక్షకు రమ్మంటే'? ఈవిడా తక్కువ అసమ్మతులు రాయలేదు.

గోదారి_గట్టు:
ఒక అనుమానం. 65 దాటి 15 ఏళ్లు చేసినవాళ్లు సీనియర్ జడ్జిగా మారొచ్చు కదా, జీతం కూడా పోదు. ఎప్పుడో మారితే ఈ తలనొప్పే ఉండేది కాదుగా?

నల్లకోటు:
మారితే ఆ సీటు ఖాళీ అవుతుంది, అధ్యక్షుడు కొత్తవాళ్లను వేస్తాడు. ఇక సీనియర్ జడ్జికి కేసులిచ్చేదీ మానేదీ చీఫ్ జడ్జే.