మేడ్ ఇన్ ఇండియా సోలార్ ప్యానల్‌కి దిగుమతి సుంకమా? 38 వేలు ఎక్కువ అడుగుతున్నారు

మా పిండిమర రేకుల మీద 10 కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామని 2025 ఆగస్టులో కొటేషన్ తీసుకున్నాను. 550 వాట్ల ప్యానల్స్ 18, బిగింపుతో కలిపి 4.62 లక్షలు. అక్టోబర్‌లో వెళ్తే అదే సరుకుకి 5 లక్షలంటున్నారు, ఎందుకంటే కస్టమ్స్ డ్యూటీ అని ఒకటే మాట.

దిగుమతి ప్యానల్స్ మీద 40 శాతం సుంకం 2022 ఏప్రిల్ నుంచే ఉంది. 2025 బడ్జెట్‌లో దాన్ని 20 సుంకం, 20 సెస్సుగా విడదీశారంతే, సెల్స్‌కి (ప్యానల్ లోపల కరెంటు తయారుచేసే పలకలు) మాత్రం రెండూ కలిపి 27.5, అదీ ఫిబ్రవరి సంగతి. పైగా సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 12 నుంచి 5కి దిగింది కదా, ధర తగ్గాలి! షాపులో ప్యానల్ తిప్పి చూశాను, వెనక స్టిక్కర్ మీద మేడ్ ఇన్ ఇండియా అనే ఉంది, లోపలి సెల్స్ మాత్రం చైనావట. ప్యానల్ ధర, పన్ను విడివిడిగా రాసిమ్మని రెండుసార్లు అడిగినా ఇవ్వలేదు. ఇంకో ఇద్దరు డీలర్లూ గుండుగుత్తగానే చెప్పారు. శనివారంలోగా అడ్వాన్స్ కట్టాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

ఈ లైన్‌లో ఉన్నవాళ్లు చెప్పండి, బయటి సెల్స్‌తో ఇక్కడ తయారైన ప్యానల్‌లో ఆ 27.5 శాతం సుంకం వాట్‌కి ఎన్ని రూపాయలు పడుతుంది?