జెడ్‌ఓడీబీలో 2 లక్షల రికార్డులు: ఏ బీట్రీ వాడాలి?

ప్రశ్న:
జెడ్‌ఓడీబీలో (పైథాన్ ఆబ్జెక్టులను నేరుగా దాచే డేటాబేస్) దాదాపు 2 లక్షల రికార్డులు ఇప్పుడు ఒకే పర్సిస్టెంట్‌మ్యాపింగ్‌లో (డిక్ట్ లాంటిది) ఉన్నాయి. ఒక్కటి మార్చి కమిట్ చేసినా డేటా ఫైలు బాగా ఉబ్బిపోతోంది. కీ 1, 2, 3 అని పెరిగే నంబరు. తేదీలవారీగా వెతకడం కూడా కావాలి. ఓఓబీట్రీయా, ఐఓబీట్రీయా, ఎల్‌ఓబీట్రీయా?

జవాబు 1:
పర్సిస్టెంట్‌మ్యాపింగ్ అంతా కలిపి ఒకే పికిల్ (ఆబ్జెక్టును బైట్లుగా మార్చిన రూపం) అండి. ఏ కీ విలువ మార్చినా మొత్తం మళ్లీ రాస్తుంది, పాత కాపీ ప్యాక్ చేసేదాకా (అంటే పాతవాటిని తుడిచేదాకా) ఫైల్లోనే ఉంటుంది. బీట్రీ ఎంట్రీలను బకెట్లనే చిన్న ముక్కలుగా దాస్తుంది, మారిన బకెట్‌నే రాస్తుంది.

ఎల్‌ఓబీట్రీ తీసుకోండి. మొదటి అక్షరం కీ రకం, రెండోది విలువ రకం: ఐ అంటే 32 బిట్లు, ఎల్ 64, ఓ ఏ ఆబ్జెక్టైనా. మీ సంఖ్యకు ఐ కూడా చాలు, కానీ 214 కోట్ల పైచిలుకు దగ్గర ఆగిపోతుంది. అప్పుడు రకం మార్చాలంటే చెట్టంతా కొత్తగా కట్టాలి. ఓఓ బకెట్‌లో 30 ఎంట్రీలే పడతాయి, ఎల్‌ఓలో 60.

రికార్డు క్లాసు పర్సిస్టెంట్ అనే బేస్ క్లాసు నుంచి రావాలి. మామూలు డిక్ట్ పెట్టి చెట్టు[7]['పేరు'] = 'కొత్త' అన్నారనుకోండి, బకెట్‌కు ఆ మార్పు తెలియదు. ఎర్రర్ రాదు, కమిట్ అయినట్టే ఉంటుంది. రీస్టార్ట్ చేస్తే పాత పేరే కనిపిస్తుంది.

జవాబు 2:
లెన్ (సైజు చెప్పే ఫంక్షన్) జోలికి మాత్రం పోకండి. బీట్రీ తన సైజు ఎక్కడా రాసుకోదు, అడిగినప్పుడల్లా బకెట్లన్నీ తెరిచి లెక్కపెడుతుంది. వరుస నంబర్లయితే మరీ దారుణం: 60 దాటి చీలిన బకెట్‌లో ఎడమ సగానికి మళ్లీ ఏమీ చేరదు, 30 దగ్గరే ఉండిపోతుంది. అంటే 6,600కు పైగా బకెట్లు! పక్కనే బీట్రీస్ ప్యాకేజీలోని లెంగ్త్ కౌంటర్ పెట్టుకోండి. ఖాళీయా కాదా అన్నదానికి 'ఇఫ్ చెట్టు' చాలు.

ఇద్దరు ఒకే బకెట్‌లో వేర్వేరు కీలు మారిస్తే బీట్రీయే కలిపేస్తుంది. బకెట్ చీలినప్పుడు కలపలేక కాన్‌ఫ్లిక్ట్ ఎర్రర్ (మార్పులు ఢీకొన్నాయని) ఇస్తుంది. వరుస నంబర్లన్నీ చివరి బకెట్ మీదే పడతాయి కాబట్టి ఒక్కో థ్రెడ్‌ను ఒక్కో ర్యాండమ్ నంబరు నుంచి మొదలుపెట్టించండి. ఎర్రర్ వస్తే మళ్లీ ప్రయత్నించే కోడ్ (రీట్రై) ఎలాగూ రాయాల్సిందే.

అడిగినవారు:
తేదీల సంగతి? ఒకే రోజున చాలా రికార్డులుంటాయి.

జవాబు 1:
తేదీని 20240315 లాంటి సంఖ్యగా మార్చి 'సూచిక' అనే వేరే ఐఓబీట్రీకి కీగా ఇవ్వండి. విలువ, ఆ రోజు రికార్డు నంబర్లున్న ఎల్‌ఎల్‌ట్రీసెట్ (64 బిట్ల సంఖ్యల సెట్). సూచిక.వాల్యూస్(20240301, 20240331) అంటే రెండు కొసలూ కలిసే వస్తాయి. ఆ సెట్లను లిస్టు చేసి మల్టీయూనియన్ అనే ఫంక్షన్‌కు ఇస్తే ఒకటవుతాయి. రికార్డు తేదీ మారితే పాత సెట్లోంచి తీసి కొత్తదాంట్లో వేయడం మీ పనే. ఖాళీ సెట్లు తుడిచేటప్పుడు ముందు కీలను లిస్టుగా తీసుకోండి, చెట్టు మీద తిరుగుతూనే తీసేస్తే ఏమవుతుందో చెప్పలేం, ఎర్రర్ రాకుండానే కొన్ని కీలు తప్పిపోవచ్చు.